పరీక్ష కాగితం చూసి పిల్లాడి కంచం ఖాళీ చేయకండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో అలర్జీల గురించి అడిగినవే ఎక్కువ, అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకి ఉంచి ఇవే తీసుకున్నాను. ఉత్తరాలు కాస్త కుదించాను, పేర్లు తీసేసి ఊళ్లు మాత్రం ఉంచాను.

ప్రశ్న: డాక్టరు గారూ, మా బాబుకి ఆరేళ్లు. పొద్దున లేవగానే వరసపెట్టి తుమ్ములు, ముక్కు కారడం, మోచేతుల మడతల్లో దురద, గరుకు మచ్చలు. తెలిసినవాళ్లు చెబితే రక్తపరీక్ష చేయించాం. పాలు, గుడ్డు, గోధుమ, వేరుశెనగ, వంకాయ, టమాటా అన్నీ పాజిటివ్ అని పెద్ద లిస్టు వచ్చింది. మూడు నెలలుగా అన్నీ మానిపించాం. తుమ్ములు తగ్గలేదు, వాడు మాత్రం చిక్కిపోయాడు. "పెరుగన్నం కూడా పెట్టకుండా ఎలా పెంచుతావమ్మా" అని మా అత్తగారు గొడవ. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. – ఒక తల్లి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అమ్మా, మీ అత్తగారి మాటలో న్యాయం ఉంది. పెరుగన్నం తిన్నప్పుడు బాబుకి ఎప్పుడైనా ఏమైనా అయిందా? దద్దుర్లు లేచాయా, పెదవి వాచిందా, వాంతి అయిందా? మీ ఉత్తరంలో ఆ మాట ఎక్కడా లేదు. తిండి వల్ల వచ్చే అలర్జీ మామూలుగా తిన్న కొన్ని నిమిషాల నుంచి రెండు గంటల లోపు బయటపడుతుంది, మళ్లీ తింటే మళ్లీ వస్తుంది, తల్లి కంట పడకుండా పోయేది కాదు. ఆరేళ్లుగా రోజూ పాలు తాగి హాయిగా ఉన్న పిల్లాడికి కాగితం మీద పాలు పాజిటివ్ అని వస్తే నమ్మాల్సింది పిల్లాడిని.

అసలు ఆ పరీక్ష ఏం కొలుస్తుందో తెలిస్తే మీకు సగం భయం పోతుంది. 1921లో జర్మనీలో ప్రౌస్నిట్జ్, క్యూస్ట్నర్ అని ఇద్దరు డాక్టర్లు ఉండేవారు. క్యూస్ట్నర్‌కి చేప పడేది కాదు. ఆయన రక్తంలోంచి తీసిన సీరమ్‌ను ప్రౌస్నిట్జ్ తన పొట్ట చర్మంలోకి ఎక్కించుకుని, మర్నాడు అదే చోట చేప రసం ఎక్కించుకుంటే అక్కడ దద్దు లేచింది. చేప పడనిది స్నేహితుడికి, దద్దు లేచింది ఈయనకి! అంటే అలర్జీ తెచ్చిపెట్టే పదార్థం ఏదో రక్తంలోనే ఉందని తేలింది. అదేమిటో పట్టుకోవడానికి ఇంకో 45 ఏళ్లు పట్టింది. అమెరికాలో ఇషిజాకా దంపతులు, దాదాపు అదే సమయంలో స్వీడన్‌లో జొహాన్సన్, బెన్నిక్ విడిగా పనిచేసి కనుక్కున్న ఆ యాంటీబాడీ పేరే ఐజీఈ. ఇది మన ఒంట్లోని మాస్ట్ కణాలకు అతుక్కుని ఉంటుంది. తాను గుర్తుపట్టే ప్రొటీన్ తగిలిందా, ఆ కణం హిస్టమిన్ లాంటివి బయటికి వదిలేస్తుంది, దురద, వాపు, తుమ్ములు అక్కడి నుంచి మొదలు.

తిరకాసు ఎక్కడంటే, పాలకి ఐజీఈ ఉండటం వేరు, పాలు పడకపోవడం వేరు. ఐజీఈ ఉండి కూడా ఆ పదార్థం తిని అరిగించుకునేవాళ్లు ఎంతోమంది ఉన్నారు. ల్యాబులో అంకె 0.35 దాటితే పాజిటివ్ అని అచ్చేస్తారు, అంతే, పిల్లాడు ఏం తిని ఎలా ఉన్నాడో ఆ మెషీన్‌కి తెలియదు. మోచేతి మడతల్లో మచ్చలున్నాయన్నారు, అది ఎగ్జిమాలా ఉంది. అలాంటి పిల్లల్లో చాలామందికి మొత్తం ఐజీఈ ఎక్కువగానే ఉంటుంది కాబట్టి ఏ పేరు పెట్టి వెతికినా కొంచెం కొంచెం పాజిటివ్ తేలుతుంది. అందుకే లక్షణాలు విని, అనుమానం ఉన్న ఒకటో రెండో పదార్థాలకి మాత్రమే పరీక్ష రాయాలి, వందల పేర్ల ప్యాకేజీ రాయకూడదు. ఇంకో సంగతి, రిపోర్టులో ఐజీఈ అని ఉందా, ఐజీజీ అని ఉందా చూడండి. ఐజీజీ (అది వేరే రకం యాంటీబాడీ) అని ఉంటే దాన్ని పక్కన పడేయండి. అది వాడు ఆ పదార్థం తింటున్నాడని చెబుతుంది, పడటం లేదని కాదు. అమెరికా, యూరప్, కెనడా అలర్జీ నిపుణుల సంఘాలు తిండి అలర్జీ తేల్చడానికి ఆ పరీక్ష వాడొద్దని ఎప్పుడో చెప్పాయి.

పొద్దున లేవగానే తుమ్ములంటే నా అనుమానం కంచం మీద కాదు, పరుపు మీద. దుమ్ములో ఉండే మైట్ అనే కంటికి ఆనని పురుగు ఈ అలర్జీకి పెద్ద కారణమని 1964లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ పరిశోధకులు చూపించారు. మన ఒంటి నుంచి రాలే పొట్టు దాని తిండి, గాలిలోని తేమే దానికి నీళ్లు. కృష్ణ ఒడ్డున, ఉక్కపోసే ఊళ్లో, పాత బూరుగుదూది దిండ్లలో దానికి ఇంకేం కావాలి! దిండుగలీబులు, దుప్పట్లు వారానికోసారి బాగా వేడినీళ్లలో (60 డిగ్రీలైతే మేలు) ఉతికించండి, పాత దిండ్లు తీసేయండి, బొచ్చు బొమ్మలు మంచం మీద ఉంచకండి. వీటితోనే మొత్తం తగ్గిపోతుందని చెప్పను, మందు కూడా కావాలి. ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే డాక్టరు రాస్తే భయపడకండి, సరైన మోతాదులో రోజూ వాడితేనే పనిచేస్తుంది.

తేల్చుకోవాలనుంటే అలర్జీ డాక్టరు దగ్గర స్కిన్ ప్రిక్ పరీక్ష చేయించండి. ముంజేతి లోపలి వైపు పెన్నుతో గుర్తులు పెట్టి, ఒక్కో గుర్తు పక్కన ఒక్కో ద్రావణం చుక్క వేసి, చుక్కలోంచి సన్నటి ములికితో చర్మం పైపైన గుచ్చుతారు. రక్తం రాదు. ఒక చుక్క ఉత్త సెలైన్, ఇంకోటి హిస్టమిన్, ఈ రెండూ సరిచూసుకోవడానికి. 15 నిమిషాలు ఆగితే పడనిదాని దగ్గర దోమ కుట్టినట్టు దద్దు లేస్తుంది, సెలైన్ దగ్గర లేచినదానికంటే కనీసం 3 మిల్లీమీటర్లు ఎక్కువుంటే పాజిటివ్. సెట్రిజిన్ లాంటి మాత్రలు వాడుతుంటే పరీక్షకి ముందు కొన్ని రోజులు ఆపాలి, లేకపోతే ఏదీ లేవదు. దీన్ని కూడా లక్షణాలతో కలిపే చదవాలి సుమా.

మరి మానిపించినవి? అన్నీ ఒకేసారి ఇంట్లో మొదలుపెట్టకండి. ఎగ్జిమా ఉన్న పిల్లలకి పడుతున్న తిండిని నెలల తరబడి మానిపిస్తే, మళ్లీ పెట్టినప్పుడు కొందరిలో నిజంగానే రియాక్షన్ వచ్చిన సందర్భాలున్నాయి. నాకు కోపం వచ్చేది ఇక్కడే, లేని జబ్బుకి పథ్యం పెట్టి ఉన్న సహనాన్ని పోగొట్టుకుంటున్నాం. పిల్లల డాక్టరుకి మొత్తం చెప్పండి, ఏది ఇంట్లో పెట్టొచ్చో, పాలు, గుడ్డు, వేరుశెనగల్లో ఏది మొదటిసారి ఆయన కళ్లెదుట కొంచెం కొంచెంగా పెంచుతూ పెట్టాలో ఆయన నిర్ణయిస్తారు. అలా ఎదుట తినిపించి చూడటమే తిండి అలర్జీకి అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష.

ప్రశ్న: నేను మిర్చి యార్డులో హమాలీని, నా భార్య కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీస్తుంది. ఇద్దరికీ దగ్గు, కళ్లమంట మామూలే. ఈ మధ్య నాకు రాత్రుళ్లు ఛాతీ పట్టేసి పిల్లికూతలు వస్తున్నాయి. మాకు మిర్చి అలర్జీ అంటారా? – చుట్టుగుంట, గుంటూరు

జవాబు: మీ ఇద్దరి సంగతి ఒకటి కాదన్నా. టిక్కీ (మిర్చి బస్తా) దించగానే వచ్చే తుమ్ము, దగ్గు, కళ్లలో నీళ్లు, తొడిమలు తీసే చేతుల మంట అలర్జీ కాదు, మిర్చి ఘాటు. మిరపలోని క్యాప్సైసిన్ మన నరాల చివర ఉండే ఒక గ్రాహకాన్ని పట్టుకుంటుంది. దాన్ని 1997లో అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందం గుర్తించింది, 2021లో ఆయనకి నోబెల్ రావడానికి అదే కారణం. నిప్పు సెగ తగిలిందని చెప్పే గ్రాహకం కూడా అదే, అందుకే మిర్చి తగిలితే కాలినట్టుంటుంది. దీనికి ఐజీఈతో పనిలేదు, కొత్తవాళ్లకైనా పాతవాళ్లకైనా, ఎవరికి తగిలినా మండుతుంది. మిరపకి నిజమైన అలర్జీ లేకపోలేదు గానీ అరుదు.

మీ రాత్రి పిల్లికూతలు మాత్రం ఘాటు కింద కొట్టేయడానికి లేదు. అవి ఆస్తమా కావచ్చు, యార్డు దుమ్ము దాన్ని రెచ్చగొడుతుండొచ్చు. దుమ్మంటే మిర్చి పొడి ఒక్కటే కాదు, తేమ తగిలిన సరుకు మీది బూజు, గోనెసంచుల నూగు కూడా. మీరే ఒకటి గమనించండి: ఆదివారాలు, యార్డుకి వేసవి సెలవులిచ్చినప్పుడు దగ్గు తగ్గుతోందా? పనిలోకి వెళ్లిన రోజు సాయంత్రానికో, ఆ రాత్రికో పెరుగుతోందా? దీన్ని తేల్చడానికి పీక్ ఫ్లో మీటర్ అని చిన్న ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది, గట్టిగా ఊదితే ముల్లు ఎంతవరకు వెళ్లిందో రాసుకోవాలి. రోజుకి నాలుగుసార్లు, పని రోజుల్లోనూ సెలవుల్లోనూ కొన్ని వారాలు రాసిన ఆ కాగితం డాక్టరుకి ఏ రక్తపరీక్ష ప్యాకేజీ రిపోర్టుకంటే ఎక్కువ చెబుతుంది. దాంతోపాటు స్పైరోమెట్రీ (మిషన్‌లోకి ఊదించి ఊపిరి కొలిచే పరీక్ష) చేయించండి. మందు పీల్పించాక ఊదే గాలి కనీసం 12 శాతం, 200 మిల్లీలీటర్లు పెరిగితే ఆస్తమాకి గట్టి ఆధారం.

ఇన్‌హేలర్ అలవాటైపోతుందని యార్డులో ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. కాదు. మాత్రలో మిల్లీగ్రాముల్లో మింగే మందుని ఇక్కడ మైక్రోగ్రాముల్లో నేరుగా ఊపిరితిత్తులకి పంపుతారు. అయితే ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే సాల్బుటమాల్ పఫ్ కొట్టుకుని నెట్టుకురావడం ప్రమాదం, 2019 నుంచి అంతర్జాతీయ ఆస్తమా మార్గదర్శకాలు పెద్దవాళ్లకి ఆ మందు ఒక్కటే ఇవ్వొద్దంటున్నాయి. లోపలి వాపు తగ్గించే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ కూడా ఉండాలి. ఇక తువ్వాలు ముక్కుకి కట్టుకుంటే సన్నటి దుమ్ము ఆగదు, ఎన్95 మాస్కు ముఖానికి బిగుతుగా పెట్టుకోండి. ఎండలో మూటలు మోస్తూ మాస్కుతో ఊపిరాడదని నాకూ తెలుసు, కనీసం ఊడ్చేటప్పుడు, టిక్కీలు విప్పి పోసేటప్పుడన్నా తీయకండి.

ప్రశ్న: వయసు 38. చిన్నప్పటి నుంచి రొయ్యలు తింటున్నా. మొన్న బాపట్లలో పెళ్లి భోజనంలో రొయ్యల ఇగురు తిన్న పావుగంటకి ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు వాచిపోయాయి, గొంతు బిగుసుకుని కళ్లు తిరిగాయి. దగ్గర్లో ఒకాయన ఎవిల్ ఇంజెక్షన్ చేస్తే తగ్గింది. ముందు సెట్రిజిన్ వేసుకుని తినొచ్చా? – బ్రాడీపేట, గుంటూరు

జవాబు: వద్దు. దయచేసి వద్దు. మీకు వచ్చింది అనాఫిలాక్సిస్, ప్రాణం మీదికి వచ్చే రియాక్షన్. సెట్రిజిన్ దురదని, దద్దుర్లని తగ్గిస్తుంది, మూసుకుపోతున్న గొంతుని తెరవదు, పడిపోతున్న బీపీని నిలబెట్టదు. పైగా ముందే వేసుకుంటే మొదట కనిపించే దద్దుర్లు కనపడవు, మీరు తింటూనే ఉంటారు.

ఇన్నేళ్లూ పడిన రొయ్య ఇప్పుడెందుకు పడలేదని కదా అనుమానం. అలర్జీ ఏ వయసులోనైనా మొదలవచ్చు, రొయ్యలకైతే పెద్దయ్యాక మొదలవడం బాగా కనిపిస్తుంది. 1901-02లో ఫ్రాన్స్‌లో రిషే, పోర్టియే కుక్కల మీద సముద్రజీవి విషంతో ప్రయోగాలు చేశారు. మొదటి డోసు తట్టుకున్న కుక్క, కొన్ని వారాల తర్వాత మళ్లీ ఇస్తే నిమిషాల్లో కుప్పకూలింది. అలవాటు చేస్తే తట్టుకుంటుందనుకున్న వాళ్లకి అది పూర్తిగా ఎదురు ఫలితం. రిషేకి 1913లో నోబెల్ తెచ్చిన పని అదే. దీనికితోడు ఆ రోజు మద్యం తీసుకున్నా, నొప్పి మాత్ర వేసుకున్నా, తిన్నాక బాగా శ్రమపడినా కొందరిలో రియాక్షన్ ముదురుతుంది. అవి గుర్తు చేసుకుని డాక్టరుకి చెప్పండి.

రొయ్యలో గొడవ చేసేది ఎక్కువగా ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్. వండితే చెడదు, ఎండబెట్టినా పోదు. కాబట్టి వంకాయలో వేసిన ఎండురొయ్యలు, గోంగూర రొయ్యలు, పీతలు కూడా మానేయాల్సిందే, కొందరికి రొయ్యలు ఉడికే ఆవిరి పీల్చినా వస్తుంది. బొద్దింకలో, దుమ్ము మైట్‌లో ఉన్న ప్రొటీన్ కూడా దీనికి దగ్గరిదే, అందుకే ఒకదానికి అలర్జీ ఉన్నవాళ్లకి ఇంకోటి పరీక్షలో తేలుతుంటుంది. చేపల ప్రొటీన్ వేరు, కొరమీను మీకు పడకూడదని రూలేం లేదు, కానీ ఒకే మూకుట్లో, ఒకే నూనెలో వేయిస్తారు కదా, హోటల్లో జాగ్రత్త.

మళ్లీ జరిగితే మందు అడ్రినలిన్. తొడ బయటి వైపు కండలోకి, పెద్దవాళ్లకి 0.5 మిల్లీగ్రాము. తగ్గకపోతే అయిదు నిమిషాలకి మళ్లీ. ఎవిల్, స్టెరాయిడ్ దాని తర్వాతే. పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టాలి, ఆయాసం ఉంటే కూర్చోబెట్టాలి, లేపి నడిపించకూడదు. 108కి ఫోన్ చేసి "అనాఫిలాక్సిస్" అనే మాట చెప్పండి. తగ్గిపోయిందని ఇంటికి వచ్చేయకండి, కొన్ని గంటలకి మళ్లీ తిరగబెట్టవచ్చు, ఆసుపత్రిలో పరిశీలనలో ఉండాలి. విదేశాల్లో లాంటి ఆటో ఇంజెక్టర్ పెన్ను మన మందుల షాపుల్లో మామూలుగా దొరకదు. మీ డాక్టరుతో మాట్లాడి అడ్రినలిన్ ఆంప్యూల్, సిరంజి దగ్గరుంచుకోండి, ఎంత లాగాలో, ఎక్కడ గుచ్చాలో మీరూ మీ ఇంట్లోవాళ్లూ ఆయన ముందే నేర్చుకోండి.

ప్రశ్న: మనవడికి ఏడో నెల. వేరుశెనగ మూడేళ్ల దాకా పెట్టొద్దని కోడలు అంటోంది. మా కాలంలో ఇవన్నీ లేవు. – నానమ్మ, పటమట, విజయవాడ

జవాబు: మీ కోడలు విన్నది పాత సలహా పెద్దమ్మా, ఆవిడ తప్పు లేదు. 2000లో అమెరికా పిల్లల డాక్టర్లే అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువున్న పిల్లలకి అలా చెప్పి, 2008లో వెనక్కి తీసుకున్నారు. లండన్ యూదుల పిల్లల్లో వేరుశెనగ అలర్జీ ఇజ్రాయెల్ పిల్లల్లో కంటే దాదాపు పది రెట్లు ఎక్కువుందని గిడియన్ లాక్ అనే డాక్టరు గమనించారు. ఇజ్రాయెల్‌లో చంటిపిల్లలకే వేరుశెనగతో చేసిన చిరుతిండి పెడతారు, లండన్‌లో పెట్టరు. దాంతో బాగా ఎగ్జిమా గానీ గుడ్డు అలర్జీ గానీ ఉన్న 640 మంది పసిపిల్లల్ని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి పెట్టారు, ఇంకో గుంపుకి మానిపించారు. 2015లో ఫలితం వచ్చింది: అయిదేళ్లు వచ్చేసరికి మానేసిన వాళ్లలో 17 శాతం మందికి అలర్జీ, తిన్నవాళ్లలో 3 శాతం మందికే.

కాబట్టి పెట్టండి, కానీ గుళ్లు పెట్టకండి, గొంతులో అడ్డం పడతాయి. వేయించి పొట్టు తీసి, మెత్తగా నూరిన ముద్ద కొంచెం రాగిజావలో పలచగా కలిపి, పగటిపూట, బిడ్డ బాగున్న రోజు చెంచా కొసతో మొదలుపెట్టండి. పడితే వారంలో రెండు మూడుసార్లు పెడుతూ ఉండండి. ఒంటి మీద బాగా ఎగ్జిమా ఉన్నా, గుడ్డు పడకపోయినా ముందు డాక్టరుకి చూపించాకే.

ప్రశ్న: చిన్నప్పుడు పెన్సిలిన్ పడలేదని మా అమ్మ చెప్పేది. ఇప్పుడు 45. జీవితాంతం వాడకూడదా? – తెనాలి

జవాబు: మీరే నిర్ణయించుకోకండి, అలాగని అదే ముద్రతో ఉండిపోకండి కూడా. పెన్సిలిన్ అలర్జీ ఉందని చెప్పేవాళ్లలో పరీక్ష చేస్తే 90 శాతానికి పైగా దాన్ని తట్టుకోగలరని అమెరికా అనుభవం. నిజంగా ఉన్నవాళ్లలో కూడా పదేళ్లలో ఎక్కువమందికి పోతుంది. అలర్జీ డాక్టరు దగ్గర తేల్చుకోండి.

ప్రశ్న: ఏడాది పొడవునా ముక్కు దిబ్బడ, తుమ్ములు. ఒక చోట నెలకో "అలర్జీ ఇంజెక్షన్" చేస్తున్నారు, మర్నాటికే మాయమవుతుంది, నెల తిరిగేసరికి మళ్లీ మొదలు. ఇంకో డాక్టరు మూడేళ్లు ఇంజెక్షన్లు అంటున్నారు. రెండూ ఒకటేనా? – భవానీపురం, విజయవాడ

జవాబు: ఒకటి కాకపోవచ్చు. మర్నాటికే మాయమైందంటే అది వారాల పాటు ఒంట్లో ఉండే స్టెరాయిడ్ అయ్యే అవకాశం ఎక్కువ. సీసా మీద పేరేమిటో అడిగి రాయించుకోండి, అది మీ హక్కు. ట్రయామ్సినోలోన్ లాంటి పేరుంటే నెలనెలా వేయించుకోవడం ఆపాలి, షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. అయితే చాలాకాలంగా వేయించుకుంటుంటే హఠాత్తుగా మానకుండా ఫిజీషియన్‌కి చూపించి మానండి.

రెండో డాక్టరు చెప్పింది ఇమ్యునోథెరపీ. లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో లెనార్డ్ నూన్ 1911లో గడ్డి పుప్పొడి రసంతో మొదలుపెట్టిన పద్ధతి. మీకు పడనిదాన్నే అతి తక్కువ మోతాదులో మొదలుపెట్టి పెంచుకుంటూ పోతారు, మర్నాడే గుణం కనిపించదు, నెలలు పడుతుంది. కనీసం మూడేళ్లు చేస్తే ఆపేశాక కూడా కొన్నేళ్లు ఫలితం నిలుస్తుంది, అలర్జీ నడిచే తీరునే మార్చే చికిత్స ఇదొక్కటే. మైట్‌కి, పుప్పొడికి, తేనెటీగ కాటుకి బాగా పనిచేస్తుంది, రొయ్యలు పడనివాళ్లకి ఈ ఇంజెక్షన్లు లేవు.

మొదలుపెట్టే ముందు ఆ డాక్టరుని ఇవి అడగండి. స్కిన్ పరీక్షలో ఏది తేలింది, అది నా లక్షణాలకి సరిపోతోందా? ఎన్ని రకాలు కలిపి ఇస్తున్నారు? పదిహేను రకాలు ఒకే సీసాలో కలిపారంటే నేనైతే ఒప్పుకోను. ఇంజెక్షన్ తర్వాత అరగంట క్లినిక్‌లోనే కూర్చోబెడతారా, అడ్రినలిన్ అక్కడ సిద్ధంగా ఉంటుందా? ఆస్తమా అదుపులో లేకపోయినా, బీపీకి బీటా బ్లాకర్ మాత్రలు వాడుతున్నా ముందే చెప్పండి. షాపులో కొనుక్కుని వెంటనే దిబ్బడ వదిలించే ముక్కు చుక్కలు వాడుతుంటే మూడు నాలుగు రోజులకి మించి వాడకండి, ఏడాది పొడవునా ఉన్న దిబ్బడలో సగం వాటి పుణ్యమే అయి ఉండొచ్చు.